ఆ తిండి పడకనే తలనొప్పా? ఫుడ్ అలర్జీకి, మైగ్రేన్‌కు ఉన్న అసలు లింకు ఇదీ!

సూర్యాపేట జిల్లా గరిడేపల్లి నుంచి అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ దాకా సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో ఎవరికైనా తలకాయ నొస్తుందంటే ఇంట్లో మొదట అడిగే మాట ఒకటుంది. "రాత్రి ఏం తిన్నవ్?" వంకాయ కూర తిన్నానని చెబితే ఇక కారణం దొరికినట్టే. "అది నీ ఒంటికి పడదు, మానెయ్" అనే తీర్పు కూడా వెంటనే వచ్చేస్తుంది. అలా ఈ నెల వంకాయ, వచ్చే నెల గోంగూర, ఆ తర్వాత గుడ్డు, చేప, పెరుగు... ఒక్కొక్కటిగా కంచంలోంచి వెళ్లిపోతాయి. తలనొప్పి మాత్రం వెళ్లదు.

మరి తిండికి, మైగ్రేన్‌కు సంబంధమే లేదా? ఉంది. కానీ చాలామంది అనుకునే సంబంధం అది కాదు. నిజమైన ఫుడ్ అలర్జీ వేరు, తిన్నది అరగకపోవడం వేరు, మైగ్రేన్‌ను కదిలించే ఆహారం వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే రెండు రకాల నష్టం ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఒకటి. అనవసరంగా మంచి తిండి మానేసి, అసలు వైద్యం చేయించుకోకపోవడం రెండోది.

'పడదు' అనే ఒక్క మాటలో మూడు సంగతులు

తెలుగులో 'పడదు' అనే మాట చాలా సౌకర్యంగా ఉంటుంది. తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా పడదు అంటారు. కడుపు ఉబ్బరించినా పడదు అంటారు. తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా అదే మాట. డాక్టర్ల లెక్కలో మాత్రం ఇవి మూడూ వేర్వేరు.

మొదటిది అలర్జీ. ఇది రోగనిరోధక వ్యవస్థ పొరపాటు. పల్లీలోనో, రొయ్యలోనో, గుడ్డులోనో ఉండే మామూలు ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా భావించి దాడికి దిగుతుంది. ఇందులో ముఖ్య పాత్ర ఐజీఈ అనే యాంటీబాడీది. కొద్దిగా తిన్నా చాలు, సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపే లక్షణాలు బయటపడతాయి. దద్దుర్లు, దురద, పెదాలు, కనురెప్పలు వాయడం, వాంతులు, ఆయాసం వీటిలో కనిపిస్తాయి.

రెండోది అరుగుదల సమస్య. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడం దీనికి మంచి ఉదాహరణ. పెద్దయ్యాక ఇది దక్షిణాదిలో చాలామందికి ఉండేదే. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు అవుతాయి. ఇబ్బందే కానీ ప్రాణాపాయం ఉండదు. చాలామందికి పాలు పడకపోయినా పెరుగు, మజ్జిగ పడతాయి.

మూడోది ట్రిగ్గర్. అంటే అప్పటికే మైగ్రేన్ స్వభావం ఉన్న మెదడును కదిలించే విషయం. అది ఆహారం కావచ్చు, ఎండ కావచ్చు, నిద్ర లేకపోవడం కావచ్చు. ట్రిగ్గర్ జబ్బును పుట్టించదు. ఉన్న జబ్బును ఆ రోజుకు లేపుతుంది, అంతే. అందుకే ఒకే వంకాయ కూర ఇంటిల్లిపాదీ తిన్నా తలనొప్పి ఒక్కరికే వస్తుంది. ఆ ఒక్కరికి కూడా తిన్న ప్రతిసారీ రాదు.

అసలు మైగ్రేన్ అంటే ఏంటి?

మైగ్రేన్‌ను తెలుగులో పార్శ్వపు నొప్పి అంటారు. తలలో ఒకవైపే రావడం వల్ల ఆ పేరు వచ్చింది. కానీ రెండువైపులా వచ్చేవాళ్లూ ఉన్నారు. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మందు వేసుకోకపోతే ఈ నొప్పి 4 నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఒకవైపు రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటెత్తడం, పని చెడేంత తీవ్రంగా ఉండటం, నడిచినా మెట్లెక్కినా పెరగడం. ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వీటికి తోడు వికారం లేదా వాంతులైనా ఉండాలి, లేదంటే వెలుతురు, శబ్దం రెండూ భరించలేకపోవడమైనా ఉండాలి. ఇలాంటి నొప్పి కనీసం అయిదుసార్లు వచ్చి, దానికి వేరే కారణమేదీ లేదని తేలితే డాక్టర్లు మైగ్రేన్ అని నిర్ధారిస్తారు. దీనికి ప్రత్యేకంగా రక్త పరీక్ష లేదు. రోగి చెప్పే వివరాలే అసలైన పరీక్ష.

కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర టింకర గీతలు కనిపిస్తాయి. దీన్ని 'ఆరా' అంటారు. సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలు ఉండి తగ్గిపోతుంది.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో బెంగళూరు నగరంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చేసి 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు 25.2 శాతం అని తేలింది. అంటే నలుగురిలో ఒకరు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో మైగ్రేన్‌ది రెండో స్థానమని, యువతుల్లో అయితే మొదటి స్థానమని 2019 నాటి అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. నాటు కూలికి పోయే మనిషికి నెలలో నాలుగు రోజులు తల పట్టుకుని పడుకోవాల్సి వస్తే నాలుగు రోజుల కూలి పోయినట్టే.

ఫుడ్ అలర్జీ అనుకున్నంత ఎక్కువా?

కాదు. ఈ విషయంలోనూ కర్ణాటక లెక్కలే ఉపయోగపడతాయి. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్లపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ యాంటీబాడీలు కనిపించినవారు 26.5 శాతం. వారిలో తిన్నప్పుడు లక్షణాలు కూడా వచ్చి, ఫుడ్ అలర్జీ ఉండొచ్చని తేలినవారు మొత్తం మీద 1.2 శాతమే.

ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా ముఖ్యం. టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తింటే ఏమవుతోందన్నదే అసలు ప్రశ్న. ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్లుగా తింటున్న ఆహారాన్ని రిపోర్టు చూసి మానేయాల్సిన పని లేదు.

వంకాయ సంగతి కూడా ఇలాంటిదే. వంకాయ తింటే దురద అనేవాళ్లు ఊరికి చాలామంది కనిపిస్తారు. వంకాయలో సహజంగానే హిస్టమిన్ లాంటి పదార్థాలు కొంత ఉంటాయి. వాటివల్ల అలర్జీ లేకపోయినా కొందరికి నోరు, గొంతు దురద పెడతాయి. ఐజీఈ వల్ల వచ్చే అసలైన వంకాయ అలర్జీ ఉంది కానీ, అది కొద్దిమందికే.

రెండింటికీ లింకు ఉందని ఎవరన్నారు?

ఈ చర్చ కొత్తది కాదు. 1983లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 'లాన్సెట్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. తరచూ తీవ్రమైన మైగ్రేన్ వస్తున్న 88 మంది పిల్లలకు చాలా కొద్ది రకాల ఆహారమే పెట్టి చూశారు. వారిలో 93 శాతం మందికి నొప్పి తగ్గింది. తర్వాత ఒక్కో ఆహారం తిరిగి ఇస్తే చాలామందికి మళ్లీ వచ్చింది. వారిలో 40 మందికి, ఇస్తున్నది ఏ ఆహారమో పిల్లలకు గానీ వైద్యులకు గానీ తెలియకుండా కూడా పరీక్షించారు. ఆవు పాలు, గుడ్డు, చాక్లెట్, నారింజ, గోధుమ ఎక్కువగా పట్టుబడ్డాయి. మైగ్రేన్ అంటే ఫుడ్ అలర్జీయేనా అన్న ప్రశ్న అప్పటి నుంచే గట్టిగా వినిపిస్తోంది.

అయితే ఇక్కడో సంగతి గమనించాలి. వాళ్లు మామూలు మైగ్రేన్ పిల్లలు కారు. జబ్బు తీవ్రంగా ఉండి పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లు. చాలామందికి కడుపునొప్పి, ఆస్తమా, ఎగ్జిమా లాంటివి కూడా ఉన్నాయి. ఆ ఫలితాన్ని మైగ్రేన్ ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తింపజేయలేం.

శరీరంలో మాత్రం రెండు జబ్బులకూ కలిసే చోటు ఒకటుంది. అలర్జీలో హిస్టమిన్‌ను వదిలేవి మాస్ట్ కణాలు. మెదడును కప్పి ఉంచే పొరలోనూ ఇవి ఉంటాయి. మైగ్రేన్ నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి కొసలు కూడా అక్కడే ఉంటాయి. ఆ నాడి నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం వెలువడటం మైగ్రేన్‌లో కీలకం. మైగ్రేన్ ఉన్నవారికి రక్తనాళం ద్వారా హిస్టమిన్ ఎక్కించి చూసిన ప్రయోగాల్లో తలనొప్పి మొదలైంది. ఆస్తమా, అలర్జీ జలుబు ఉన్నవారిలో మైగ్రేన్ కాస్త ఎక్కువగా కనిపించడం కూడా పరిశోధనల్లో తేలింది. అంటే రెండు జబ్బులూ ఒకరిలోనే ఉండే అవకాశం ఉంది. కానీ ఒకదాని వల్లే ఇంకోటి వస్తోందని చెప్పడానికి ఇది సరిపోదు.

మొత్తం మీద తేలేది ఇది. దద్దుర్లు, వాపు, ఆయాసం, వాంతులు ఏవీ లేకుండా ఒక్క తలనొప్పి మాత్రమే వస్తుంటే, అది ఐజీఈ ఫుడ్ అలర్జీ అయ్యే అవకాశం చాలా తక్కువ.

వేలు పోసి చేయించే ఆ టెస్టుతో లాభమెంత?

'ఒక్క రక్త పరీక్షతో వంద రకాల ఆహారాల అలర్జీ తెలుస్తుంది' అనే ప్యాకేజీలు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. వీటిలో చాలావరకు కొలిచేది ఐజీఈని కాదు, ఐజీజీ అనే వేరే యాంటీబాడీని. పేరులో ఒక్క అక్షరమే తేడా, అర్థంలో మాత్రం చాలా తేడా. ఐజీజీ ఉందంటే ఆ ఆహారం శరీరానికి పరిచయం ఉన్నదని అర్థం. రోజూ తినేవాటికే అది ఎక్కువగా కనిపించడం సహజం. అందుకే ఫుడ్ అలర్జీ నిర్ధారణకు ఈ టెస్టు పనికిరాదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టం చేసింది. అమెరికా సంఘం కూడా దాన్ని సమర్థించింది.

మైగ్రేన్‌కైనా ఉపయోగపడుతుందా అని కూడా చూశారు. టర్కీలో 30 మందితో చేసి 2010లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఐజీజీ ఆధారంగా తిండి మార్చితే నొప్పి రోజులు తగ్గాయి. కానీ బ్రిటన్‌లో 167 మందితో చేసి 2011లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో 12 వారాలకు చూస్తే నిజం డైట్ చేసినవారికి, ఉత్తుత్తి డైట్ చేసినవారికి చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ డబ్బుతో ఒకసారి న్యూరాలజిస్టును కలవడమే మేలు.

తిన్నందుకు నొప్పా? నొప్పి వస్తున్నందుకు తిన్నారా?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మైగ్రేన్ తలనొప్పితో మొదలుకాదు. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే మెదడులో మొదలవుతుంది. ఆకలిని, దాహాన్ని, నిద్రను నడిపే హైపోథలామస్ అనే భాగం ఆ దశలోనే చురుగ్గా మారుతున్నట్టు స్కానింగ్ పరిశోధనల్లో కనిపించింది. అందుకే ఆవలింతలు, చిరాకు, మెడ పట్టేయడం, మాటిమాటికీ మూత్రం రావడం, ఏదో తీపి తినాలనిపించడం లాంటివి ముందే వస్తాయి.

అలా తినాలనిపించి ఒక చాక్లెట్టో, మిఠాయో తింటారు. కాసేపటికి తలనొప్పి వస్తుంది. నింద చాక్లెట్ మీద పడుతుంది. నిజానికి నొప్పి అప్పటికే బయల్దేరింది. అమెరికాలో 63 మంది మహిళలతో చేసి 1997లో ప్రచురించిన పరీక్షలో, తమకు ఇస్తున్నది చాక్లెట్టో, దానిలాగే కనిపించే వేరే పదార్థమో తెలియకుండా తినిపించారు. తలనొప్పి రావడంలో రెండింటికీ తేడా కనిపించలేదు.

తిన్న దానికంటే తినకపోవడమే పెద్ద సమస్య

అమెరికాలోని ఒక తలనొప్పి క్లినిక్‌లో 1,207 మంది మైగ్రేన్ రోగులను ట్రిగ్గర్ల గురించి అడిగి 2007లో లెక్కలు ప్రచురించారు. ఒత్తిడి అన్నవారు 79.7 శాతం. సమయానికి తినకపోవడం అన్నవారు 57.3 శాతం. నిద్ర సరిగా లేకపోవడం 49.8 శాతం. ఎండ వేడి 30.3 శాతం. ఫలానా ఆహారం అన్నవారు 26.9 శాతమే. అంటే తిన్నది పడక నొప్పి వచ్చినవారి కంటే తినక నొప్పి వచ్చినవారు రెట్టింపు.

గరిడేపల్లి లాంటి వరి పొలాల ఊళ్లకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. నాట్ల కాలంలో తెల్లవారుజామునే లేచి, ఇంటి పని ముగించి, ఒక చాయ్ తాగి బురదలోకి దిగే ఆడవాళ్లను తీసుకుంటే చాలు. అన్నం తినేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. వంగి చేసే పని, మెడ మీద ఎండ, తాగడానికి నీళ్లు తక్కువ. పొలంలో మరుగు ఉండదని కావాలనే నీళ్లు తగ్గించి తాగేవాళ్లూ ఉంటారు. సాయంత్రానికి తల పగిలిపోతుంటే ముందురోజు తిన్న వంకాయ గుర్తొస్తుంది. పొద్దున తినని సద్దన్నం గుర్తుకురాదు.

ఉపవాసాలూ అంతే. మహాశివరాత్రికి మేళ్లచెర్వు జాతరకు పోయి ఉపవాసం, జాగారం రెండూ చేస్తే ఆకలి, నిద్రలేమి, జనం సందడి, మైకుల మోత, లైట్లు అన్నీ ఒకే రాత్రి కలుస్తాయి. రంజాన్ ఉపవాసాల్లోనూ కొందరికి మైగ్రేన్ పెరుగుతుంది. భక్తిని మానుకోమని కాదు. ముందురోజు నీళ్లు బాగా తాగడం, సహరీ మానకపోవడం, పండో పాలో తీసుకునే సడలింపు ఉంటే వాడుకోవడం లాంటి జాగ్రత్తలు అవసరం. తరచూ నొప్పి వచ్చేవాళ్లు ఉపవాసానికి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇంకో విచిత్రమైన ట్రిగ్గర్ మన దగ్గరే గుర్తించారు. అది తలస్నానం. తల మీద నీళ్లు పోసుకున్నాక మైగ్రేన్ వచ్చిన 94 మంది రోగుల గురించి ముంబైకి చెందిన తలనొప్పి నిపుణుడు 2006లో వైద్య పత్రికలో రాశారు. పండగ పూట తలంటు, ఆ వెంటనే పూజ అయ్యేదాకా ఖాళీ కడుపు, ఆ తర్వాత పిండివంటలు. చివరికి నింద గారెల మీద పడుతుంది.

మరి ఏ ఆహారమూ ట్రిగ్గర్ కాదా?

కొన్ని కొందరికి అవుతాయి. వాటిలో బలంగా కనిపించేది మద్యం. బీరైనా, వైనైనా, కల్లయినా అదే కథ. పైన చెప్పిన సర్వేలో 37.8 శాతం మంది మద్యం పేరు చెప్పారు.

కెఫిన్ రెండు వైపులా పదునున్న కత్తి. కొద్దిగా తీసుకుంటే నొప్పి తగ్గడానికి సాయం చేస్తుంది. చాలా నొప్పి గోలీల్లో అది ఉండేది అందుకే. కానీ రోజూ 200 మిల్లీగ్రాములకు పైగా, రెండు వారాలకు మించి అలవాటైనవారికి ఒక్కసారిగా ఆగిపోతే 24 గంటల్లోపే తలనొప్పి వస్తుంది. "చాయ్ పడకపోతే తల పనిచెయ్యదు" అనే మాటలో నిజం ఉంది. మానాలనుకుంటే రోజుకు ఒక కప్పు చొప్పున మెల్లగా తగ్గించాలి.

బాగా మాగబెట్టిన చీజ్‌లో ఉండే టైరమిన్, నిల్వ మాంసంలో కలిపే నైట్రైట్లు, ఫాస్ట్‌ఫుడ్‌లో వేసే టేస్టింగ్ సాల్ట్ కూడా ట్రిగ్గర్ల జాబితాల్లో కనిపిస్తాయి. వీటిలో టేస్టింగ్ సాల్ట్ మీద ఆధారాలు బలహీనమే. జాబితాలో ఉన్నవన్నీ అందరూ మానేయాల్సిన పని లేదు. ఎవరి ట్రిగ్గర్ వారిది.

డైరీ రాస్తే సగం సమస్య తేలుతుంది

టెస్టుల కంటే చవకైనది, ఎక్కువ ఉపయోగపడేది ఒక నోటు పుస్తకం. కనీసం రెండు నెలలు ఈ వివరాలు రాయాలి:

– నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఎంత తీవ్రంగా ఉంది.
– అంతకుముందు 24 గంటల్లో ఏం తిన్నారు, ఏ పూట తినలేదు.
– ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎండలో ఎంతసేపున్నారు, నీళ్లు ఎన్ని తాగారు.
– ఆడవాళ్లయితే నెలసరి తేదీలు.
– ఏ గోలీ వేసుకున్నారు, ఎన్ని వేసుకున్నారు.
– దద్దుర్లు, దురద, వాపు, ఆయాసం ఏమైనా ఉన్నాయా.

నొప్పి లేని రోజుల్లో తిన్నది కూడా రాయడం ముఖ్యం. వంకాయ తిన్నా నొప్పి రాని రోజులు పదిసార్లు కనిపిస్తే వంకాయ నిర్దోషి అన్నట్టే.

ఏదైనా ఒక ఆహారం మీద గట్టి అనుమానం ఉంటే దాన్నొక్కదాన్నే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడాలి. తేడా కనిపిస్తే మళ్లీ తిని చూడాలి. తిరిగి నొప్పి వస్తేనే ఆ అనుమానం నిజం. ఒకేసారి పది మానేస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. దద్దుర్లు, వాపు, ఆయాసం తెప్పించిన ఆహారాన్ని ఇంట్లో మళ్లీ తిని చూసే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ పరీక్ష ఆసుపత్రిలో డాక్టర్ల ముందే జరగాలి. పిల్లలకు, గర్భిణులకు పాలు, గుడ్లు, పప్పులు లాంటివి సొంతంగా ఆపొద్దు. తలనొప్పి తగ్గకపోగా రక్తహీనత, బలహీనత తోడవుతాయి.

సైనస్ అనుకుంటే మైగ్రేన్ అని తేలింది

నుదురు, కళ్ల కింద నొప్పి, ముక్కు కారడం ఉంటే చాలామంది సైనస్ అనో, డస్ట్ అలర్జీ అనో సరిపెట్టుకుంటారు. అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉందని చెప్పిన 2,991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పి అని 2004లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. జ్వరం, చీము లాంటి చీమిడి లేకుండా పదేపదే వస్తుంటే మైగ్రేన్‌ను అనుమానించాల్సిందే.

మందుల దగ్గర అసలైన లింకు

అలర్జీకి, మైగ్రేన్‌కు ఉన్న సంబంధాల్లో అందరూ తప్పక తెలుసుకోవాల్సింది మందుల విషయమే. మైగ్రేన్ మళ్లీ మళ్లీ రాకుండా ఇచ్చే మందుల్లో ప్రొప్రనొలాల్ ఒకటి. ఆస్తమా ఉన్నవారికి ఇది ప్రమాదం. తీవ్రమైన ఫుడ్ అలర్జీ ఉన్నవారిలో అయితే, ప్రాణం కాపాడేందుకు ఇచ్చే అడ్రినలిన్ సరిగా పనిచేయకుండా ఇది అడ్డుపడొచ్చు. కాబట్టి ఆస్తమా గానీ అలర్జీ గానీ ఉంటే డాక్టర్ అడగకపోయినా ముందే చెప్పాలి.

డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులే కొందరికి దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తాయి. "ఒక సూది వేస్తే తగ్గిపోతది" అని ఎక్కడపడితే అక్కడ ఇంజెక్షన్ వేయించుకోవడం మంచిది కాదు. నింద తిండి మీద పడుతుంది కానీ, అలర్జీ ఆ సూది వల్ల వచ్చి ఉండొచ్చు.

గోలీల లెక్క కూడా చూసుకోవాలి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలలో 15 రోజులు, లేదా రెండు మూడు మందులు కలిపిన గోలీలు, ట్రిప్టాన్లు నెలలో 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి రోజూ వచ్చే పరిస్థితి వస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే రెండు గోలీలు అలవాటుగా మారితే ఏ తిండి మానేసినా లాభం ఉండదు. నెలలో నాలుగుసార్లకు మించి నొప్పి వస్తుంటే రాకుండా ఆపే మందుల గురించి డాక్టర్‌ను అడగాలి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి ఆపేయొద్దు.

ఇలా ఉంటే ఆలస్యం చేయొద్దు

ఏదైనా తిన్న కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, గొంతు మారిపోవడం, ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే అది అనాఫిలాక్సిస్. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. దీనికి మొదటి మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. దురద గోలీ వేసి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టొచ్చు. లేపి నడిపించొద్దు.

తలనొప్పిలోనూ కొన్ని ప్రమాద సంకేతాలున్నాయి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూతి వంకర పోవడం, కాలు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, చూపు పోవడం, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన నొప్పి, గర్భిణికి కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి. వీటిలో ఏది కనిపించినా 'పడని తిండి' గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడ చూపించుకోవాలి?

మామూలు మైగ్రేన్‌ను ఎంబీబీఎస్ డాక్టర్, జనరల్ ఫిజీషియన్ కూడా గుర్తించి వైద్యం మొదలుపెట్టగలరు. గరిడేపల్లి చుట్టుపక్కల వారికి సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా జనరల్ ఆసుపత్రి ఉంది. ఈ కాలేజీ 2019లో మొదలైంది. అక్కడికీ తేలకపోతే హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు డైరీ, వాడుతున్న గోలీల ఖాళీ షీట్లు వెంట తీసుకెళ్లాలి. అలర్జీ అనుమానం ఉంటే చర్మ పరీక్ష, ఐజీఈ పరీక్ష ఎవరికి అవసరమో డాక్టరే చెబుతారు.

ప్యాకెట్ ఆహారం కొనేటప్పుడు లేబుల్ చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, సోయా ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద ముద్రించాలని ఫుడ్ సేఫ్టీ నిబంధనలు చెబుతున్నాయి.

చివరగా... "రాత్రి ఏం తిన్నవ్?" అని అడగడం తప్పు కాదు. దాంతోపాటు "పొద్దున తిన్నవా? రాత్రి నిద్రపోయినవా? నీళ్లు తాగినవా? ఈ నెల ఎన్ని గోలీలు మింగినవ్?" అని కూడా అడగాలి. చాలా ఇళ్లలో జవాబు ఈ నాలుగు ప్రశ్నల్లోనే దొరుకుతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, ఏదైనా ఆహారం పూర్తిగా మానేయాలన్నా డాక్టర్ సలహా తీసుకోవాలి.)